పన్నెండున్నరకు మూసిన గేటు

రాయగడ స్టేషన్ రోడ్డులో ఎవరినైనా ఆపి ఓడ ప్రయాణం గురించి అడిగితే వరాహనరసింహం ఇల్లు చూపిస్తారు. ఊరి చుట్టూ కొండలు. సముద్రం చూడాలంటే రైల్లో నాలుగైదు గంటలు కూర్చోవాలి. అలాంటి చోట ఓడల గురించి చెప్పే మనిషి ఉన్నాడంటే కొత్తవాళ్లు నవ్వుతారు. ఊరివాళ్లకు అలవాటైపోయింది. విశాఖ నుంచి విహార నౌకలు బయల్దేరడం మొదలయ్యాక రిటైరైన దంపతులు, కొత్తగా పెళ్లయినవాళ్లు, సెలవు పెట్టుకున్న మాస్టార్లు ఆయన గుమ్మం ఎక్కుతున్నారు. ఆయన ఒక్కొక్కరికీ ఒక కాగితం ఇస్తాడు. రెండు వైపులా జెరాక్సు తీసిన ఆ కాగితంలో ఇరవై రెండు అంశాలుంటాయి. ఊరికే ఇస్తాడు. ఎవరైనా మిఠాయి డబ్బా తెస్తే, వాళ్లు లేచేటప్పుడు దాన్ని మళ్లీ వాళ్ల సంచిలోనే పెట్టేస్తాడు.

ఆయన ముప్పై నాలుగేళ్లు రైల్వే గార్డుగా పనిచేశాడు. ఇప్పుడా ఉద్యోగానికి వేరే పేరు పెట్టారు గాని ఊళ్లో ఆయన గార్డుబాబే. ఓడ ఎక్కి వచ్చినప్పటి నుంచి కొందరు షిప్పు గార్డు అంటున్నారు. ఆ పిలుపు వినగానే ఆయన చెప్పులు వెతుక్కునేవాడిలా కిందికి చూస్తాడు. సిగ్గు అనుకుంటారు జనం. సిగ్గే, వాళ్లు అనుకునే రకం మాత్రం కాదు.

కిందటి నవంబరులో కాశీపూర్ నుంచి లక్ష్మణ అనే స్కూలు మాస్టరు, ఆయన భార్య రీనా వచ్చారు. ఇద్దరికీ అది మొదటి ఓడ ప్రయాణం. మాస్టరు కాగితాన్ని పరీక్ష పేపరులా పట్టుకున్నాడు.

"ఓ ఆవకాయ సీసా పట్టుకెళ్తామండి. ఈయనకి అది లేకపోతే ముద్ద దిగదు," అంది రీనా.

"పట్టుకెళ్లి ఏటి సేత్తారమ్మా? తనికీ కాడే తీసి పక్కన పెట్టేత్తారు. వండిన సరుకేదీ ఒప్పరు. పదకొండో నంబరు సూడండి. ఇస్త్రీ పెట్టి కూడా వద్దు. కర్పూరం, అగరొత్తులు అసలే వద్దు."

"మూడ్రోజులు పచ్చడి లేకుండానా!" అన్నాడు మాస్టరు.

"అక్కడి తిండి సూసేక మిమ్మల్ని బల్ల కాడి నుంచి లేపడానికి ఇద్దరు మనుషులు గావాల."

రీనా నవ్వింది. వరాహనరసింహం నవ్వలేదు. వేలితో ఒక్కో అంశం చూపిస్తూ పోయాడు. పెద్ద పెట్టెలు రేవులోనే తీసుకుంటారు, అవి గదికి చేరేసరికి సాయంత్రమవుతుంది. అందుకని మందులు, ఒక జత బట్టలు, అసలు గుర్తింపు కార్డులు చేతి సంచిలో ఉండాలి. కార్డుల జెరాక్సు చెల్లదు. కడుపులో తిప్పే మనుషులైతే డాక్టరునడిగి మాత్ర తెచ్చుకుని ఓడ కదలక ముందే వేసుకోవాలి. "కక్కొచ్చేక ఏసుకుంటే ఆ మాత్ర కూడా కక్కేత్తారు." గది ఎంచుకునే వీలుంటే ఓడ మధ్యలో, కింది అంతస్తులో తీసుకోవాలి, అక్కడ ఊపు తక్కువ. బయల్దేరే ముందు ప్రమాదం వస్తే ఎటు పరిగెత్తాలో నేర్పే కసరత్తు ఒకటుంటుంది, దానికి అందరూ వెళ్లాల్సిందే. ఒడ్డు దాటిన కాసేపటికి ఫోను పనిచేయదు, ఇంట్లో ముందే చెప్పి రావాలి. తిండి టిక్కెట్టులో కలిసే ఉంటుంది గాని సీసాల్లో వచ్చేవన్నీ విడిగా.

చివరికి మళ్లీ పైకి వచ్చాడు. "ఇప్పుడు ఒకటో నంబరు గట్టిగా సదవండి."

మాస్టరు బడిపిల్లాడిలా చదివాడు. "ముందు రోజే విశాఖ చేరండి. ఓడ కదిలే టైము వేరు. గేటు మూసే టైము వేరు. మూసిన గేటు ఎవరికోసమూ తీయరు."

"ఇంకోపాలి."

"చదివేను కదండీ."

"ఇంకోపాలి సదవండి మాస్టారూ."

మాస్టరు రెండోసారి చదివి, "మీరు గాని లేటయ్యేరా ఏటండీ?" అని నవ్వాడు.

"నాను కాలేదు," అన్నాడు వరాహనరసింహం. లేచి లోపలికి వెళ్లిపోయాడు. వచ్చినవాళ్లను ఆయన భార్య ఉషారాణి సాగనంపింది.

లేటయింది ఆయన అక్క. అది కూడా నిజం కాదు. ఆమె లేటు కాలేదు. ఆమెకు తప్పు టైము చెప్పినవాడు ఆయన. ఆ సంగతి రెండేళ్లుగా ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. అక్కకు కూడా.

అక్క పేరు బంగారమ్మ. బిస్సమ్ కటక్‌లో సంత వీధి మొదట్లో ఆమె టైలరింగ్ కొట్టు. డెబ్బై ఏళ్లు. ముప్పై ఏళ్లు మిషను తొక్కి తొక్కి వెన్నుపూస అరిగింది. ఇప్పుడు కూర్చుని కాజాలు, అంచులు చేతితో కుడుతుంది. వాళ్లది కళింగపట్నం దగ్గరి పల్లె. తండ్రికి రైల్వేలో పట్టాల పని దొరికి కొండ మీదికి రాకముందు, పొద్దుగూకే వేళ పిల్లలిద్దరినీ ఒడ్డుకు తీసుకెళ్లేవాడు. దూరంగా ఒక ఓడ దీపాలు వెలిగించుకుని పోతుంటే బంగారమ్మ అడిగింది: "అందులో ఎవులుంటారు నాన్నా?" తండ్రి బీడీ ఆర్పి చెప్పాడు: "మనలాంటోళ్లు ఉండరమ్మి." ఆమె ఆ మాట మరిచిపోలేదు. కొట్టుకు వచ్చే ఆడవాళ్లకు చెప్పి నవ్వేది. విహార నౌకలొచ్చాయని పేపర్లో పడ్డప్పుడు ఆ కాగితం కత్తిరించి మిషను సొరుగులో దాచింది.

తమ్ముడు రెండు టిక్కెట్లు తీశాడు. భార్య ముందే చేతులెత్తేసింది. "ఆ నీళ్ల మీద ఊగడం నా వల్ల కాదు. అక్కా తమ్ముళ్లు ఎల్లి ఊగండి." మూడు రాత్రులు, పుదుచ్చేరి దాకా వెళ్లి తిరిగి విశాఖ. డిసెంబరు నెల. ఓడ సాయంత్రం నాలుగింటికి బయల్దేరుతుంది. ప్రయాణానికి మూడు రోజుల ముందు ఆయన ఫోనుకు ఒక సందేశం వచ్చింది. ప్రయాణికులు పదకొండు నుంచి పన్నెండున్నర లోపు రేవుకు రావాలి, ఆ తర్వాత గేటు మూస్తారు అని.

ఆయన అది చదివాడు. చదివి, గార్డు చదివినట్టు చదివాడు.

నాలుగింటి ఓడకు పన్నెండున్నరకు గేటు మూయడమంటే ఆయన లెక్కలో అది జనాన్ని తొందరపెట్టడానికి చెప్పే మాట. అరగంట ముందే స్టేషనుకు రండి అని రైల్వే కూడా చెబుతుంది. వచ్చేవాళ్లు ఎందరు? కదిలే పెట్టెను పట్టుకుని ఎక్కినవాళ్లను ఆయన వేలమందిని చూశాడు. పెళ్లివాళ్లు సామాన్లతో పరిగెత్తి వస్తుంటే పచ్చజెండా చంకలో పెట్టుకుని అర నిమిషం అటువైపు తిరిగి నిలబడ్డ రోజులూ ఉన్నాయి. జెండా పట్టుకునేవాడు మనిషే కదా. ఓడకు మాత్రం ఉండడా?

అక్కకు బిస్సమ్ కటక్‌లో తెల్లవారకముందు ఒక బండి ఉంది. అది ఎక్కితే పదింటికల్లా విశాఖలో ఉండేది. డిసెంబరు చలిలో, ఆ నడుముతో, ఆ వేళప్పుడు ఆమెను లేపడం ఎందుకనుకున్నాడు. ఒకటీ పదికి విశాఖ చేరే బండి ఎక్కమన్నాడు. నాలుగింటి ఓడకు మూడు గంటల ముందు. తను పెన్షను పని ఒకటి చూసుకోవడానికి ముందు రోజే వెళ్లాడు.

ప్రయాణం నాడు పదకొండున్నరకు రేవుకు చేరాడు. పెట్టె తీసుకున్నారు. ఫొటో తీసి మెడలో వేసుకునే కార్డు ఇచ్చారు. కౌంటరు అమ్మాయి రెండో మనిషి ఎక్కడ అని అడిగింది.

"వత్తంది. బండిలో ఉంది."

"పన్నెండున్నరకి క్లోజ్ సార్."

"ఓడ నాలుక్కి కదమ్మా?"

"ఓడ నాలుక్కే సార్. గేటు పన్నెండున్నరకి."

ఆయన ఆ అమ్మాయిని చూసి పెద్దమనిషి తరహాగా తల ఊపి లోపలికి నడిచాడు. పన్నెండూ ముప్పై అయిదుకు అద్దాల అవతల కౌంటర్లు ఒక్కొక్కటే మూయడం చూశాడు. అధికారి దగ్గరికి పరిగెత్తాడు. ప్రయాణికుల జాబితా అప్పటికే వెళ్లిపోయిందని, ఇక పేరు చేర్చడం కుదరదని ఆ అధికారి చెప్పాడు. గట్టిగా కూడా చెప్పలేదు. "మీరు కావాలంటే దిగిపోవచ్చు. మూడు వరకూ టైముంది," అన్నాడు.

ఒకటీ ముప్పైకి ఫోను మోగింది.

"దిగేన్రా నరసిమ్మం. బండి ఇరవై నిమిషాలు లేటు. ఏటి సెయ్యమంటావు?"

గేటు మూసి గంటయిందని ఆయనకు తెలుసు. "ఆటో ఎక్కి వచ్చెయ్ అక్కా," అన్నాడు.

ఏడో అంతస్తు నుంచి రేవు గేటు కనిపిస్తుంది. ఆటో ఆగడం, ఆకుపచ్చ చీరలో ఒక మనిషి దిగడం, చేతిలో ముదురు ఎరుపు సంచి, అన్నీ కనిపించాయి. ప్యాంటు గుడ్డ ముక్కలు అతికి ఆ సంచి ఆమే కుట్టుకుంది. ఆమె కాపలావాడితో మాట్లాడింది. టిక్కెట్టు చూపించింది. ఓడ వైపు చెయ్యి చూపించింది. తర్వాత సంచిని కింద పెట్టి దానిమీదే కూర్చుని ఫోను చేసింది.

"రానీడం నేదురా. ఓడ ఇక్కడే ఉంది గదా, మెట్లు కూడా ఏసే ఉన్నాయి గదా అంటే ఇనడు."

"బండి లేటక్కా. ఆ ఇరవై నిమిషాలే ముంచేసింది."

ఆ మాట ఆయన ఆలోచించి అనలేదు. ముప్పై నాలుగేళ్లు ప్లాట్‌ఫారాల మీద అన్న మాటే నోటికి వచ్చింది. అన్నాక దాన్ని దిద్దుకోవడానికి టైము ఉంది. మూడు వరకూ ఉంది.

"అయితే నువ్వు దిగకు," అంది బంగారమ్మ. "ఇద్దరం పోగొట్టుకోడం ఎందుకు? ఎల్లిరా. ఎలాగుంటదో సూసొచ్చి సెప్పు."

ఆయన దిగలేదు. అక్కే వెళ్లమంది కదా అనుకున్నాడు. మూడింటికి మెట్లు తీసేశారు. నాలుగూ పదికి ఓడ కదిలింది. గేటు దగ్గర బంగారమ్మ లేచి నిలబడి, ఏ తల తన తమ్ముడిదో తెలియక, ఓడ మొత్తానికి చెయ్యి ఊపింది. చుట్టూ ఉన్న ప్రయాణికులు ఎవరో పెద్దావిడ అనుకుని తిరిగి ఊపారు. వరాహనరసింహం కటకటాల దగ్గర నుంచి వెనక్కి జరిగి, పడవలు వేలాడదీసిన స్తంభం చాటుకు వెళ్లాడు.

మూడు రోజులు ఓడలో అన్నీ చూశాడు. సూర్యోదయం చూశాడు, నాటకం చూశాడు, పదహారు రకాల రొట్టెలున్న బల్ల చూశాడు. ఎలాగుంటుందో చూసొచ్చి చెప్పమంది కాబట్టి చూశాడు. తిరిగొచ్చి బిస్సమ్ కటక్ వెళ్లేసరికి బంగారమ్మ కొట్టులో నలుగురు ఆడవాళ్లకు కథ చెబుతోంది. "ఇరవై నిమిషాలమ్మా. ఆ రైలు ముండ ఇరవై నిమిషాలు తినేసి నా ఓడని మింగేసింది." తమ్ముణ్ని చూసి, "పాపం ఈడు ఒక్కడే ఎల్లేడు. ఏటి కులాసా ఉంటది ఈడికి?" అంది. ఆయన చెప్పాలనుకుని వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. ఆ వారమే కూర్చుని కాగితం రాశాడు. మొదటి నంబరు అన్నిటికంటే ముందు రాశాడు.

ఆ రోజు నుంచి బంగారమ్మ రైలెక్కలేదు. స్టేషను మాస్టరు ఎప్పుడైనా కొట్టు ముందు నుంచి వెళితే లేచి మరీ దెప్పేది. కిందటేడు పార్వతీపురంలో పెళ్లికి రైలు వద్దని జీపులో వెళ్లింది. ఘాట్ రోడ్డు మలుపులకు వెన్ను పట్టేసి మూడు వారాలు మంచం దిగలేదు. చూడటానికి వెళ్లిన వరాహనరసింహం మంచం పక్కన కూర్చుని బత్తాయిలు ఒలిచాడు. ఒలిచి, చేతులు కడుక్కుని వచ్చేశాడు.

ఈ ఏడు సంక్రాంతి వెళ్లిన తర్వాత ప్రణతి ఫోను చేసింది. బంగారమ్మ కూతురి కూతురు. రాయగడలో ఒక కాగితం మిల్లు ల్యాబులో పనిచేస్తుంది, అమ్మమ్మను చూడటానికి సెలవు రోజుల్లో బిస్సమ్ కటక్ వెళ్తుంది.

"తాతా, సర్‌ప్రైజ్! మూడు టిక్కెట్లు బుక్ చేసేను. ఓడకి. అమ్మమ్మ, నువ్వు, నేను. మార్చిలో. ఈసారి నీ కాగితం పట్టుకుని నువ్వే నడిపించాల."

"మీ అమ్మమ్మ ఏటంది?"

"వస్తానంది. చీర కూడా తీసి పెట్టేసింది. కానీ రైలెక్కదట. కారు మాట్లాడమంటోంది. డాక్టరేమో ఘాట్ రోడ్డు మీద అయిదారు గంటలు కూర్చుంటే ఓడలో కాదు, ఆసుపత్రిలో పడుకోవాల్సి వస్తది అన్నాడు. రైల్లో అయితే బెర్తు మీద పడుకుని వెళ్లొచ్చన్నాడు. తను వినదు. 'బండి నమ్మను' అంతే. నువ్వు చెప్పు తాతా. రైలోడివి నువ్వు, నీ మాట వింటది. లేకపోతే క్యాన్సిల్ చేసేస్తాను, నాకు భయం."

ఆయన ముందు దగ్గరి దారి చూశాడు. అక్కకు ఫోను చేశాడు. "ముందు రోజే ఎల్తాం గదక్కా. బండి రెండు గంటలు లేటైనా మనకేటి కాదు."

"ఒకపాలి ముంచింది రెండోపాలి ముంచదని ఏటి నమ్మకం? అడివి మధ్యలో ఆపేత్తే?"

"ఆపదు."

"నువ్వు రైలు ఉప్పు తిన్నావు, నీకు దాని మీద పేమ. నాకు నేదు. కారులోనే వత్తాను. నడుం పోతే నా నడుమే కదా పోద్ది."

ఫోను పెట్టేసి ఆయన వరండాలో కూర్చున్నాడు. ఉషారాణి వచ్చి మిక్చరు గిన్నె పక్కన పెట్టింది. "ఏటండీ అలాగున్నారు? ఆవిడ మొండిది, మీకు తెలిసిందే కదా."

"ఆవిడ మొండిది కాదే," అన్నాడు. మిక్చరు ముట్టలేదు.

మర్నాడు పొద్దున్న బండికి బిస్సమ్ కటక్ వెళ్లాడు. సంత రోజు. వీధి అంతా పసుపు కుప్పలు, బుట్టలు, కోళ్లు. బంగారమ్మ కొట్టులో ఒకావిడ జాకెట్టు సరిచేయించుకుంటోంది.

"అదిగో, రైలు మారాజు వచ్చేడు," అంది బంగారమ్మ సూది ఆపకుండా. "ఈ రోజు టైముకే దింపిందా నిన్ను?"

"టైముకే వచ్చింది."

"నీకైతే వత్తది. దానికి మనుషుల్ని బట్టి బుద్ధులు."

జాకెట్టావిడ నవ్వుకుంటూ వెళ్లింది. వరాహనరసింహం బల్ల మీద కూర్చున్నాడు. ముక్కాలి పీట మీద కూర్చోమని ఆమె ఎప్పుడూ అంటుంది, బల్ల ఒక కాలు పొట్టి. ఆయన బల్ల మీదే కూర్చున్నాడు.

"అక్కా, ఆ రోజు బండి వల్ల కాదు."

"ఏ రోజు?"

"ఓడ రోజు."

"ఇరవై నిమిషాలు లేటు. అందులో కూకున్నది నువ్వా నానా?"

"లేటే. కానీ టైముకి వచ్చినా నీకు ఓడ దొరకదు. గేటు పన్నెండున్నరకే మూసేరు. నీ బండి టైము ఒకటీ పది."

సూది ఆగింది. బయట ఎవరో కోళ్ల బేరం గట్టిగా ఆడుతున్నారు.

"నీకెప్పుడు తెలిసింది?"

"మూడ్రోజుల ముందు. ఫోన్లో వచ్చింది. మాటవరసకి రాసేరనుకున్నాను. ఎవులో ఒకడు ఆపుతాడు అనుకున్నాను. తెల్లారగట్ల నిన్ను లేపడం ఎందుకని..."

"అది ఒగ్గేయ్. నాను ఫోన్ సేసినప్పటికి మూసేసేరా?"

"మూసేసేరు."

"నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి ఆటో ఎక్కి వచ్చెయ్ అన్నావు."

"అన్నాను."

బంగారమ్మ కళ్లజోడు తీసి కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది. "బండి లేటని అన్నది కూడా నువ్వే. నాను ఆ టేసన్ మాస్టర్ని రెండేళ్లు దెప్పేను. ఆ మనిషి ఏ రోజూ ఎదురు మాటాడలేదు."

వరాహనరసింహం తల దించుకున్నాడు. జీపు సంగతి, మూడు వారాల మంచం సంగతి ఆమె ఎత్తుతుందని చూశాడు. ఆమె ఎత్తలేదు.

"ఓడ కదిలినప్పుడు నాను సెయ్యూపేను. నువ్వప్పుడు ఏ కాడున్నావు?"

"పైన. ఏడో అంతస్తులో."

"నాను అగుపడ్డానా?"

"అగుపడ్డావు."

"మరి నువ్వూపలేదేటి?"

ఆయనకు చెప్పడానికి ఉన్నదల్లా స్తంభం చాటు. అది చెప్పాడు. "పక్కకి ఎల్లిపోయేనక్కా. స్తంభం ఎనక్కి."

ఆమె అంచు మళ్లీ కుట్టడం మొదలుపెట్టింది. అయిదారు కుట్లు వేసి, దారం పళ్లతో తెంపింది.

"అమ్మికి ఫోన్ సెయ్యి. బండికి టిక్కెట్లు తియ్యమను. ముందు రోజుకి. రెండు."

"రెండా?"

"నువ్వు సూసేవు గదా."

ఆ కొట్టుకు వచ్చిన ఏ రోజూ ఆయన అన్నం తినకుండా వెళ్లలేదు. ఆ రోజు ఆమె తిని వెళ్లమని అనలేదు. ఆయన సంతలో వేయించిన వేరుశనగలు కొనుక్కుని స్టేషన్లో కూర్చున్నాడు. స్టేషను మాస్టరు బయటికి వచ్చి నమస్కారం పెడితే ఆయన లేచి నిలబడి మరీ పెట్టాడు. ఎందుకంత మర్యాదో ఆ మాస్టరుకు అర్థం కాలేదు.

మార్చిలో వాళ్ల బండి రాయగడలో ఆగినప్పుడు ఆయన ప్లాట్‌ఫారం మీద ఉన్నాడు. చేతిలో కాగితం, పచ్చ యాపిల్ పళ్లు, ఎండబెట్టిన అల్లం ముక్కలు. ఇరవై రెండిటిలో ఏడో నంబరు అదే. కడుపు తిప్పితే నమలడానికి. బంగారమ్మ కింది బెర్తు మీద నడుముకు పట్టీతో పడుకుని ఉంది. ప్రణతి కిటికీలోంచి అన్నీ అందుకుంది.

"తాతా, నువ్వు కూడా రావచ్చు కదా? నీ టిక్కెట్టు ఉత్తినే పోతోంది. ఏం జరిగిందో ఇద్దరూ చెప్పరు."

"మీ అమ్మమ్మ సెప్తది."

"టైమెంతయింది?" అని లోపలి నుంచి బంగారమ్మ గొంతు.

"కరెక్టు టైముకే ఉందక్కా బండి," అన్నాడాయన.

"నిన్ను అడగలేదు. అమ్మిని అడిగేను."

బండి కదిలింది. ఒక్క నిమిషం కూడా లేటు లేదు. చివరి పెట్టెలో గార్డు పచ్చజెండా పట్టుకుని నిలబడ్డాడు. రాయగడలో ఏ గార్డు వెళ్లినా వరాహనరసింహానికి చెయ్యెత్తి పలకరిస్తాడు, ఈయనా ఎత్తుతాడు. ఆ రోజు ఆ గార్డు చెయ్యెత్తాడు. ఈయన ఎత్తబోయి, కిటికీలో ఎవరైనా చూస్తున్నారేమోనని ఆగి, తర్వాత ఎత్తాడు. అప్పటికి పెట్టె దాటిపోయింది.

మూడు రోజులు ఫోను రాలేదు. ఉషారాణి రోజుకు రెండుసార్లు అడిగింది. "పద్నాలుగో నంబరు," అని జవాబు. సముద్రంలో ఫోను పనిచేయదన్నది పద్నాలుగో నంబరు. ఆ సంగతి తనే రాశాడు, అయినా ఫోను చొక్కా జేబులోంచి తీయలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం మోగింది. విశాఖ స్టేషను రణగొణ వినిపిస్తోంది.

"కలం ఉందా?" అంది బంగారమ్మ.

"ఉంది అక్కా. ఎలాగుంది? నడుం..."

"కలం పట్టు. నీ కాయితంలో తప్పులున్నాయి. గది మధ్యలో తీసుకోమన్నావు, బాగుంది. కానీ లిఫ్టు పక్కన వద్దని రాయి, తెల్లవార్లూ టింగు టింగు. తువ్వాళ్లు అక్కడే ఇత్తారు, మోసుకెళ్లొద్దని రాయి. నాను మూడు మోసేను. ముసలోళ్లు స్నానాల గదిలో పట్టుకోడానికి కడ్డీ ఉందో లేదో ముందే అడగాల. నువ్వు అది రాయనే లేదు. నీ నడుం బాగుంది గదా, నీకేటి తెలుస్తది."

"రాత్తన్నాను."

"పై అంతస్తులో గాలికి చీర నిలవదు. పిన్నులు రాయి. ఆడోళ్లకి."

"రాసేను."

"ఒకటో నంబరు."

ఆయన కలం ఆగింది.

"'ముందు రోజే ఎల్లండి' అని రాసేవు. ఎందుకో రాయలేదు. ఊరికే ఎల్లమంటే ఎవులింటారు? నువ్వే ఇన్నావా, ఆళ్లు ఫోన్లో రాస్తే? ఎందుకో రాయి."

"అక్కా..."

"బండొచ్చేసింది. పెట్టేత్తన్నాను."

ఓడ ఎలాగుందో ఆమె చెప్పలేదు. ఎలాగుంటుందో చూసొచ్చి చెప్పమని రెండేళ్ల క్రితం ఆమె అడిగింది, ఈయన వచ్చి చెప్పాడు కూడా, రొట్టెల బల్ల సహా. ఆమె మాత్రం ఈయనకు చెప్పలేదు. ప్రణతి పంపిన ఫొటోల్లో ఒకటి ఉంది. బయల్దేరే వేళ తీసింది. ఏడో అంతస్తో ఎనిమిదో, ఆకుపచ్చ చీర నిండా పిన్నులు. బంగారమ్మ కటకటాలు పట్టుకుని రేవు గేటు వైపు చూస్తోంది. గేటు దగ్గర ఎవరూ లేరు. చెయ్యి మాత్రం పైకెత్తి ఉంది.

ఏప్రిల్లో బంధుగాం నుంచి కామేష్ అనే బ్లాకాఫీసు గుమాస్తా వచ్చాడు. తల్లిదండ్రుల్ని ఓడ ఎక్కించాలని. వరాహనరసింహం కొత్త జెరాక్సు ఇచ్చాడు. ఇప్పుడందులో ఇరవై ఆరు అంశాలున్నాయి.

"ఒకటో నంబరు గట్టిగా సదవండి," అన్నాడు.

కామేష్ చదివాడు. "ముందు రోజే విశాఖ చేరండి. ఓడ నాలుగింటికైనా గేటు పన్నెండున్నరకే మూయవచ్చు. ఒక రిటైర్డు గార్డు ఇది ముందే తెలిసి కూడా తన అక్కకు ఒకటీ పదికి చేరే బండి చెప్పాడు. ఆమె గేటు బయట ఉండిపోయింది. ఆయన ఓడలో వెళ్లాడు. తప్పు బండిదని చెప్పాడు. బండిది కాదు."

కామేష్ కాగితం దించి చూశాడు. "ఎవరండీ ఈ గార్డు?"

"నానే," అన్నాడు వరాహనరసింహం. "రెండో నంబరు సదవండి."